సర్వర్‌ను తిట్టే ముందు ఎర్రర్ పూర్తిగా చదవండి

దివిటిపల్లి ఐటీ టవర్ 2023 మేలో ప్రారంభమయ్యాక, సాఫ్ట్‌వేర్ కొలువు అన్న మాట పాలమూరు పొలిమేరలోకి వచ్చింది. ఇంటర్వ్యూ ప్రశ్నలు మాత్రం ఎక్కడైనా ఒకటే. ఫ్రెషర్లను తికమకపెట్టే ఒక ప్రశ్న చూడండి: ‘మీ నోడ్ జేఎస్ ప్రోగ్రామ్ ఏపీఐని పిలిస్తే, గెట్‌అడ్ర్‌ఇన్‌ఫో ఈనాట్‌ఫౌండ్ అని ఎర్రర్ వచ్చింది. ముందు ఏం చూస్తారు?’

‘సర్వర్ డౌన్ అయ్యుంటుంది సార్’ అంటే మార్కులు పోయినట్టే. ఎందుకంటే మీ రిక్వెస్ట్ అసలు సర్వర్ దాకా వెళ్లనే లేదు. ఈ పేరుకు ఐపీ అడ్రస్ ఏదని నోడ్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడిగింది, అది దొరకలేదు. కథ అక్కడే ఆగింది. కొందరు వెంటనే సీఓఆర్‌ఎస్ సెట్టింగులు మార్చడం మొదలుపెడతారు. దానికీ దీనికీ సంబంధమే లేదు.

ఆ ఎర్రర్ చివర ఒక పేరు ఉంటుంది. సగం కేసులు దాన్ని నిదానంగా చదివితే తేలిపోతాయన్నది నా అభిప్రాయం. అక్కడ ‘అన్‌డిఫైన్డ్’ అని ఉంటే, ఎన్విరాన్‌మెంట్ ఫైల్ లోడ్ కాకపోయి ఉండొచ్చు. పేరు ముందు ‘హెచ్‌టీటీపీఎస్’ కనిపిస్తే, హోస్ట్‌నేమ్ ఒక్కటే ఇవ్వాల్సిన చోట మొత్తం యూఆర్‌ఎల్ అతికించారు. డాకర్ కంపోజ్‌లో పనిచేసే ‘డీబీ’ లాంటి సర్వీస్ పేరును నేరుగా ల్యాప్‌టాప్ నుంచి పిలిచినా ఇదే గతి. నోడ్ 18 నుంచి వచ్చిన ఫెచ్ అయితే ‘ఫెచ్ ఫెయిల్డ్’ అని ఊరుకుంటుంది. అసలు సంగతి ఆ ఎర్రర్‌లోని ‘కాజ్’లో ఉంటుంది.

పేరు సరిగ్గానే ఉందా? అప్పుడు కమాండ్ ప్రాంప్ట్‌లో ఎన్‌ఎస్‌లుకప్ అని, పక్కనే ఆ పేరు కొట్టండి. అక్కడా దొరకకపోతే తప్పు మీ కోడ్‌ది కాదు. ఫోన్ హాట్‌స్పాట్‌కు మారితే పనిచేస్తోందంటే, పాత నెట్‌వర్క్‌లో పేర్లకు అడ్రస్‌లు చెప్పే డీఎన్‌ఎస్‌ను అనుమానించాలి. కాలేజీ ల్యాబుల్లో ఇంకో చిక్కుంది. ‘బ్రౌజర్‌లో ఓపెన్ అవుతోంది కదా’ అని కొందరు వాదిస్తారు. బ్రౌజర్ ప్రాక్సీ మీదుగా వెళ్తుంటే, పేరు వెతికే పని ప్రాక్సీయే చేసిపెడుతుంది. నోడ్ ఆ ప్రాక్సీ సెట్టింగును తనంతట తాను తీసుకోదు.

దీన్ని పోలిన ఈఏఐ అగైన్ అనే ఎర్రర్ వేరు: డీఎన్‌ఎస్ నుంచి తాత్కాలికంగా జవాబు రాలేదు, కాసేపాగి మళ్లీ ప్రయత్నించొచ్చు. ఈకాన్‌రెఫ్యూజ్డ్ అంటే అడ్రస్ దొరికింది, ఆ పోర్టులో వినేవాళ్లు లేరు. 2021లో వచ్చిన నోడ్ 17 తర్వాత లోకల్‌హోస్ట్‌కు ఐపీవీ6 అడ్రస్ ముందు రావడంతో చాలామంది ఈ రెండో ఎర్రర్‌తో తంటాలు పడ్డారు.

డీఎన్‌ఎస్ చిక్కు పిల్లల సమస్యేం కాదు. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, వాట్సాప్ దాదాపు ఆరు గంటలు ఆగిపోయాయి. నెట్‌వర్క్ మార్పులో జరిగిన పొరపాటుతో ఆ సంస్థ డీఎన్‌ఎస్ సర్వర్లు బయటి ప్రపంచానికి అందకుండా పోయాయి.

పాలమూరు యూనివర్సిటీ పరిధిలో బీఎస్సీ, బీసీఏ చదివేవాళ్లు టెక్నికల్ సపోర్ట్, క్లౌడ్ సపోర్ట్, డెవ్‌ఆప్స్ వైపు చూస్తుంటే ఈ ఎర్రర్లన్నీ కావాలనే తెప్పించి, ఒక్కోదాన్ని ఎలా పట్టుకున్నారో గిట్‌హబ్‌లో రాసిపెట్టండి. రెజ్యూమెలో ‘నోడ్ జేఎస్ వచ్చు’ అన్న వరుస కంటే దానికే బరువెక్కువ. ఇంటర్వ్యూలో కమాండ్ పేరు గుర్తురాకపోతే కంగారుపడకండి. ఏది చూడాలనుకుంటున్నారో, ఎందుకో వరుసగా చెప్పండి.