పెరటి మొక్కల లెక్క – ఫోనులో

పాల లెక్క, చీటీల లెక్క మీరు ఎక్కడో ఒకచోట రాసుకుంటూనే ఉంటారు. పెరటి మొక్కలకు మాత్రం అలాంటి లెక్క సాధారణంగా ఉండదు. అన్నీ గుర్తుంటాయనుకుంటాం. ఆ లెక్కను ఫోనులో ఎలా ఉంచుకోవచ్చో ఈ పాఠంలో తెలుసుకుంటారు.

ఒక ఉదాహరణ చూద్దాం. నర్సరీ నుంచి రెండు మామిడి అంట్లు తెచ్చి నాటారనుకోండి. ఒకటి బంగినపల్లి, మరొకటి చిన్నరసం. వాటికి కట్టిన చీటీలు వానకు నాని ఊడిపోయాయి. రెండేళ్లకు ఏది ఏదో తెలియదు.

ఇంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. అంటులో రెండు మొక్కలు కలిసి ఉంటాయి. కింద టెంక నుంచి మొలిచిన వేరు మొక్క, దానిపై మనకు కావలసిన రకం కొమ్మ. అతుకు కింద వచ్చే చిగురు వేరు మొక్కదే. పై కొమ్మ ఎండిపోయి ఆ చిగురే చెట్టయితే, మీరు డబ్బిచ్చి కొన్న రకం కాయదు. కాపు వచ్చేదాకా ఆ సంగతి తెలియకపోతే అన్నేళ్ల నీరు, ఎరువు వృథా. నాటిన రోజే అతుకు కనిపించేలా దగ్గరగా ఫోటో తీసి ఉంటే, కొత్త చిగురు ఎక్కడి నుంచి వచ్చిందో పోల్చి చూసి, కింది చిగురును మొదట్లోనే తుంచివేయవచ్చు.

ఫోటోలో తీసిన తేదీ దాగి ఉంటుంది. అయితే దానిని వాట్సాప్‌లో ఫోటోగా పంపితే ఆ వివరం పోతుంది. అందుకే తేదీని విడిగా రాయాలి. గూగుల్ షీట్స్ వంటి ఉచిత సాధనంలో ఇలా పట్టిక గీయండి:

సంఖ్య | మొక్క | తేదీ | చేసిన పని
1 | మామిడి, బంగినపల్లి | 12-07-2024 | నాటాను, ఫోటో తీశాను
1 | మామిడి, బంగినపల్లి | 20-08-2024 | అతుకు కింది చిగురు తుంచాను

పని చేసిన ప్రతిసారీ కొత్త వరుస రాయాలి. పాతది చెరపకూడదు. అదే సంఖ్యను ఒక ప్లాస్టిక్ ముక్కపై పెన్సిలుతో రాసి మొక్క దగ్గర గుచ్చండి. ఎండకు సిరా వెలిసిపోతుంది, పెన్సిలు రాత నిలుస్తుంది. (ఫోను పాఠంలో పెన్సిలేమిటని నవ్వకండి!)

పురుగు మందు చల్లితే ఆ తేదీ తప్పక రాయండి. చల్లిన తరువాత ఎన్ని రోజులకు కోయాలో మందు డబ్బాపై ఉంటుంది. చల్లిన తేదీ తెలియకపోతే ఆ రోజులు లెక్కించలేరు. ఇంట్లో పిల్లలు చెట్టు మీది జామకాయ కోసుకుని తింటారు కదా!

పేరు తెలియని మొక్కను ఫోటో ద్వారా పోల్చడానికి ప్లాంట్‌నెట్, గూగుల్ లెన్స్ ఉన్నాయి. ఇవి పొరపడవచ్చు. వాటి మాట నమ్మి తెలియని ఆకును గానీ కాయను గానీ నోట పెట్టకండి. అవి చూపే శాస్త్రీయ నామాన్ని మాత్రం పట్టికలో చేర్చుకోండి. తెలిసిన వారిని అడిగి సరిచూసుకోవచ్చు. మన వాడుక పేర్లు తికమకపెడతాయి. సంపెంగ చెట్టు, నేల సంపెంగ దుంప మొక్క. పేరు కలిసినంత మాత్రాన వాటికి చుట్టరికం లేదు.

పాఠగత ప్రశ్నలు

1. అంటు మొక్కలో అతుకు కింద వచ్చిన చిగురును ఎందుకు తుంచాలి?
2. మీ ఇంట్లోని మూడు మొక్కలకు పై విధంగా పట్టిక రాయండి. కుండీలో తులసి ఒక్కటే ఉన్నా దానితోనే మొదలుపెట్టండి.