గుండెదడకు మూలము మెడలో నుండవచ్చును

గుంటూరు జిల్లా ప్రత్తిపాడు ప్రాంతమున మిరపకోతల దినములలో ఒక కూలిస్త్రీకి గుండె దడదడలాడినను, చేతులు వణకినను, ఒళ్ళు చిక్కినను పనిబడలిక యనియో, మిరపఘాటనియో సరిపెట్టుకొందుము. కొందరు గుండెజబ్బని భయపడి దానికే మందు వాడుదురు. గుండెను తరుముచున్నది మెడలోని చిన్న గ్రంథి కావచ్చునని తోచదు.

కంఠమున ముందువైపు సీతాకోకచిలుక ఆకారమున నుండు ఆ గ్రంథియే థైరాయిడ్. ఆహారములోని అయొడిన్‌ను గ్రహించి యిది తయారుచేయు హార్మోను దేహమంతటి పనివేగమును నిర్ణయించును. బోరుమోటారునకు ఓల్టేజి హెచ్చినను తగ్గినను చేటే గదా; గుండెకును అంతే.

హార్మోను హెచ్చినచో విశ్రాంతిలో సైతము నాడి వేగముగా కొట్టుకొనును. వయసు మళ్ళినవారిలో గుండె పైగదులు లయతప్పి వణకవచ్చును. అప్పుడచట నిలిచిన రక్తము గడ్డకట్టి, ఆ గడ్డ మెదడునకు చేరినచో పక్షవాతము కలుగును. పక్షవాతమునకు పసరుమందు వెదకుచు ఊరూర తిరుగు కుటుంబములను మనమెరుగుదుము.

హార్మోను తగ్గినచో నాడి మందగించును, ఒళ్ళు బరువెక్కును, చలికి తాళలేరు. రక్తమున కొలెస్టరాల్ పెరిగి, గుండెకు రక్తమునందించు నాళములు పూడసాగును. ఇది మెల్లగా ముదురు వ్యాధి యగుటచే, రోగిష్టి ఇల్లాలిని బద్ధకస్తురాలని నిందించుట కద్దు. ఇది మిక్కిలి అన్యాయమని మా అభిప్రాయము.

టి.ఎస్‌.హెచ్‌. అను రక్తపరీక్షతో ఈ రెండు లోపములును చాలవరకు బయటపడును. హార్మోను తక్కువైనవారికి వైద్యులు థైరాక్సిన్ మాత్రను పరగడుపున వేసికొమ్మందురు. నెమ్మదించినదని మానరాదు. పొరుగువారి మాత్ర అడిగి మింగుట మరింత ప్రమాదము; గుండెజబ్బున్న వృద్ధులకు అతి స్వల్పమోతాదుతో ప్రారంభింపవలసి యుండును.

ఇక పంచాయతీ సభ్యులు చూడవలసినది ఉప్పు. చినగంజాము ఉప్పుమళ్ళు మనకు దూరము గావు. పచ్చళ్ళకు కల్లుప్పే మేలని మన గృహిణుల నమ్మకము. అయొడిన్ కలుపని ఉప్పును తినుటకై అమ్మరాదని 2006లో దేశమంతట నిషేధించిరి. ఇంటికి చేరిన ఉప్పులో పదిలక్షల పాళ్ళకు 15 పాళ్ళకు తగ్గకుండ అయొడిన్ ఉండవలెను. పరీక్షద్రావకము బొట్టు వేసినచో అట్టి ఉప్పు నీలిరంగునకు తిరుగును. బడిపిల్లల మధ్యాహ్నభోజనపు ఉప్పుతోనే ఈ పరీక్ష మొదలిడవచ్చును. అయొడిన్ మంచిదని ఉప్పు ఎక్కువ తినరాదు సుమా, రక్తపుపోటు పెరుగును. ముదిరిన థైరాయిడ్ వ్యాధి ఉప్పుతో కుదురదు. దానికి వైద్యుడే దిక్కు.