పసుపు బోదెల్లోని తేమ సెన్సార్లకు నిస్తంత్రీ విద్యుత్తు: దూరమే నిర్ణాయకం

నిజామాబాద్ జిల్లా నందిపేట్, ఆర్మూరు ప్రాంతాల్లో పసుపు ముఖ్యమైన వాణిజ్య పంట. ఎనిమిది, తొమ్మిది నెలలు నేలలో ఉండే ఈ పంటకు తేమ తగ్గితే దుంప ఊరదు. నీరు నిలిస్తే పిథియం వల్ల దుంపకుళ్ళు సోకుతుంది. అందువల్ల వేర్ల వద్ద తేమను కొలిచే సెన్సార్లు ఉపయోగకరం. అయితే కలుపు తీయడం, బోదెలకు మట్టి ఎగదోయడం, దుంపలు తవ్వడం వంటి పనుల్లో తీగలు తెగుతాయి. పాతిపెట్టిన సెన్సార్ బ్యాటరీ మార్చాలంటే బోదెను తవ్వవలసి ఉంటుంది. తీగలు లేకుండా విద్యుత్తు అందించే పద్ధతులపై ఆసక్తికి ఇదే కారణం.

సెన్సార్ అవసరం

ఉదాహరణకు ఒక్కో కొలతకు, సందేశానికి కలిపి 60 మిల్లీజౌళ్ళు, నిద్రావస్థలో 5 మైక్రోవాట్లు ఖర్చవుతాయని భావిద్దాం. గంటకొకసారి కొలిస్తే సగటు అవసరం సుమారు 22 మైక్రోవాట్లు.

రేడియో తరంగాల ద్వారా

భారతదేశంలో లైసెన్సు అవసరం లేని 865–868 మెగాహెర్ట్జ్ పట్టీలో, యాంటెన్నా దిశలో 4 వాట్లకు సమానమైన ప్రసారం జరిగినట్లు తీసుకుంటే, అడ్డంకులు లేని చోట సాధారణ యాంటెన్నాకు 5 మీటర్ల దూరంలో సుమారు 120, 10 మీటర్ల దూరంలో 30 మైక్రోవాట్లు చేరుతాయి. దూరం రెట్టింపైతే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. ఇందులో 30 శాతం మాత్రమే ఏకదిశ విద్యుత్తుగా మారితే దక్కేది వరుసగా 36, 9 మైక్రోవాట్లు. అంటే 5 మీటర్ల వద్ద సరిపోతుంది, 10 మీటర్ల వద్ద సరిపోదు. తడి ఆకులు, తడి నేల ఈ శక్తిని మరింత హరిస్తాయి. ఎకరం చదరపు మడి ఒక భుజం సుమారు 64 మీటర్లు కనుక ఒకే ప్రసారిణితో మడి మొత్తానికి విద్యుత్తు అందించడం సాధ్యం కాదు.

అయస్కాంత ప్రేరణ ద్వారా

రెండు తీగచుట్టల మధ్య అయస్కాంత క్షేత్రం ద్వారా శక్తి బదిలీ అవుతుంది. తక్కువ పౌనఃపున్యంలో తడి నేల దీనికి పెద్ద అడ్డు కాదు. కానీ దూరం తీగచుట్ట పరిమాణాన్ని మించితే శక్తి చాలా వేగంగా తగ్గుతుంది. అందుచేత ఇది జానెడు లోతుకు తగిన పద్ధతి. రోజుకు నాలుగు కొలతలు చాలనుకుంటే వారానికి అవసరమైనది సుమారు 4.7 జౌళ్ళు. చేతికర్రకు అమర్చిన తీగచుట్టను బోదెపై ఉంచినప్పుడు లోపలికి 100 మిల్లీవాట్లు అందితే 47 సెకన్లలో అది నిండుతుంది. గంటకొకసారి కొలిచే సెన్సార్‌కు 131 సెకన్లు పడుతుంది. నిల్వ చేసే కెపాసిటర్‌లోని స్వయం క్షయాన్ని దీనికి కలుపుకోవాలి. నమోదైన కొలతలను ఆ సమయంలోనే చదువుకోవచ్చు.

సౌరఫలకంతో పోలిక

పంటకు పైన నిలిపిన 1 వాట్ ఫలకం రోజుకు నాలుగు గంటల పూర్తి ఎండకు 14,400 జౌళ్ళు ఇస్తుంది. గంటకొకసారి కొలిచే సెన్సార్ రోజు అవసరం 1.9 జౌళ్ళు మాత్రమే.

సూచన

రోజువారీ నీటి నిర్ణయానికి గట్టుపై సౌరఫలకం, అక్కడి నుండి బిందుసేద్యపు పైపు వెంట రక్షణ గొట్టంలో వేసిన తీగ సరిపోతాయి. తీగ నిలవని బోదెలో వారానికొకసారి దుంపకుళ్ళు ముప్పును గమనించడానికే ప్రేరణ పద్ధతి తగినది. విస్తరణ శాస్త్రవేత్తలు పరికరాన్ని సిఫారసు చేసే ముందు మూడు అంశాలు అడగాలి: ప్రసారిణికి, సెన్సార్‌కు మధ్య దూరమెంత? రోజుకు ఎన్ని కొలతలు అవసరం? తడిసిన నేలలో పరీక్షించారా?