గ్రహాంతర సంతానం – కల్పన, వాస్తవం

1966లో అమెరికా టెలివిజన్‌లో ప్రసారమైన ‘స్టార్ ట్రెక్’ ధారావాహికలో స్పాక్ అనే పాత్ర సుప్రసిద్ధం. అతని తల్లి భూలోక స్త్రీ. తండ్రి వల్కన్ గ్రహవాసి. ఇట్టి సంతానం సంభవమేనా?

ఈ ప్రశ్నకు సమాధానం భూమిపైనే లభిస్తుంది. గుర్రానికి 64 క్రోమోజోములు, గాడిదకు 62. వాటి సంకరమైన కంచరగాడిదకు 63. జత కుదరని ఈ క్రోమోజోముల వలన బీజకణాలు సక్రమంగా ఏర్పడవు. కనుక దానికి సంతానం కలగడం అత్యంత అరుదు. దగ్గరి బంధువులకే ఇంతటి అవరోధమున్నది. ఇక వేరొక గ్రహంపై స్వతంత్రంగా ఉద్భవించిన జీవికి డి.ఎన్.ఎ. ఉండునో లేదో చెప్పలేము. ఉన్నప్పటికీ, లిపి ఒకటైనంత మాత్రాన పరభాషా గ్రంథం బోధపడనట్లే, ఆ జన్యుసందేశం మానవ కణాలకు బోధపడదు.

ఇందుకు భిన్నంగా, ఆధునిక మానవులు నియాండర్తల్ మానవులతో సంకరమైనారని 2010లో స్వాంటే పాబో బృందం వెల్లడించింది. ఆఫ్రికా వెలుపలి ప్రజల జన్యువులలో సుమారు 2 శాతం వారి వారసత్వమే. ఆ రెండు జాతులకు పూర్వికులు ఒక్కరే కావడం దీనికి కారణం.

‘స్టార్ ట్రెక్’ రచయితలు సైతం 1993లో, ప్రాచీన జాతి యొకటి అనేక గ్రహాలపై తన జన్యుబీజాలను వెదజల్లినదని కల్పించారు. బంధుత్వం లేనిదే సంతానం లేదన్న సత్యాన్ని కల్పన కూడ కాదనలేకపోయింది.