శ్రోతల చేత మాట్లాడించడం



ఫోకస్ గ్రూప్ అనే బృందచర్చ రేడియో పరిశోధనలో పుట్టింది. 1941 నవంబరులో న్యూయార్క్‌లో సామాజిక శాస్త్రవేత్త పాల్ లాజర్స్‌ఫెల్డ్ బృందం కొందరు శ్రోతలకు కార్యక్రమాలు వినిపించింది. నచ్చిన చోట ఆకుపచ్చ మీట, నచ్చని చోట ఎర్ర మీట నొక్కాలి. ఎక్కడ నచ్చలేదో యంత్రం పట్టి ఇచ్చేది. ఎందుకో తెలియాలంటే మనిషి అడగాల్సిందే. అతిథిగా వచ్చి చూసిన తోటి శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్‌కు ఆ అడిగే తీరు రుచించలేదు. జవాబును ప్రశ్నలోనే అందిస్తున్నారన్నాడు. తర్వాతి బృందాన్ని ఆయనకే అప్పగించారు. ఈనాటికీ చాలా చర్చలు చెడేది అడిగేవారి నోటివల్లే.

చర్చ తర్వాత తేల్చుకోవాల్సిన సంగతి ముందే రాసి ఉండాలి. ఊరి రేడియోలో సాయంత్రపు సేద్యం కార్యక్రమం వేళ మార్చాలా, నడక మార్చాలా అన్నంత స్పష్టంగా. బృందానికి ఆరుగురి నుంచి ఎనిమిది మంది, గంటన్నర చాలు. కొత్త మాట వినిపించడం ఆగేదాకా బృందాలు నడపాలి. సాధారణంగా మూడు నాలుగు అవసరమవుతాయి.

అసలు కష్టం మనుషుల్ని కూర్చడంలో ఉంది. అత్త ఎదుట కోడలు, ఆసామి ఎదుట కూలీ మనసులో మాట చెప్పరు. వారిని వేరు వేరు బృందాల్లో కూర్చోబెట్టాలి. పిలిచే పని సర్పంచికి వదిలితే ఆయన మనుషులే వస్తారు. చోటు కూడా చిన్న విషయం కాదు. పెద్దింటి అరుగు మీద కొందరు కూర్చోనే కూర్చోరు. సెలవునాటి బడిగది మేలు.

“కార్యక్రమం బాగుందా?” అంటే “బాగుందండీ” అనే వస్తుంది. అది మర్యాద, అభిప్రాయం కాదు. “రేడియో పెట్టే వేళకు చేతిలో ఏ పని ఉంటుంది?” అని మొదలుపెట్టి, కార్యక్రమం వినిపించి, “ఎక్కడ కట్టేయాలనిపించింది?” అని అడిగితే దారి దొరుకుతుంది. పది ప్రశ్నలు మించకూడదు. జవాబు ఆగిపోయినప్పుడు నాలుగు క్షణాలు ఊరుకోవడం నేర్వాలి. మంచి మాట తరచు ఆ మౌనం తర్వాతే వస్తుంది.

మొదట నోరు విప్పినవారి వెంట మిగతావారు నడుస్తారు. అందుకే మాటలకు ముందే ఒక్కొక్కరూ తెర వెనక “నచ్చింది”, “నచ్చలేదు” అనే రెండు గిన్నెల్లో ఒకదానిలో చింతగింజ వేయాలి. అక్షరం రానివారికీ ఇది పనికొస్తుంది. అలాగని గట్టిగా అరిచేవారిని కొట్టిపారేయకూడదు. 1985లో కోకాకోలా రుచి మార్చబోయినప్పుడు, చర్చల్లో కొద్దిమంది వ్యతిరేకులు తోటివారినీ తమవైపు తిప్పుకున్నారు. సంస్థ రుచి పరీక్షల అంకెలనే నమ్మింది. మార్కెట్లోనూ ఆ చర్చల్లో జరిగిందే జరిగింది. మూడు నెలల లోపే పాత రుచి తిరిగొచ్చింది.

నడిపేవారు ఒకరు, రాసుకునేవారు మరొకరు ఉండాలి. రికార్డు చేయడానికి ముందే అనుమతి అడగాలి. రాతలు ఆ రాత్రికే సరిచూసుకోవాలి. ఎనిమిదిలో ఆరుగురన్నారని నివేదికలో 75 శాతం అని రాయడం తప్పు. ఎన్నికల సర్వే వేరు, ఇది వేరు. మాటలు వారి యాసలోనే ఉంచి పేర్లు తీసేయాలి. చిన్న ఊళ్లో అదీ చాలదు: “ఇద్దరు పిల్లల టైలరమ్మ” అని రాస్తే ఊరంతటికీ ఎవరో తెలిసిపోతుంది.

పెదనాన్న