వార్త రాగానే నమ్మవచ్చునా?

విశ్వసనీయుడు కానివాడు వార్త తెస్తే ముందు విచారించుకోవాలని దివ్యఖుర్ఆన్ హుజురాత్ సూరా 6వ ఆయత్ ఆదేశిస్తోంది. ఈ ఆయత్‌ను మనం పుకార్ల విషయంలోనే గుర్తు చేసుకుంటాం. సెల్‌ఫోన్ మెసేజ్ కూడా వార్తే కదా!

మచిలీపట్నం, గుడివాడ, దివిసీమలలో కొడుకు గల్ఫ్‌లో ఉన్న ఇళ్ళున్నాయి. "మీ పార్శిల్ వచ్చింది, చిరునామా సరిగా లేదు, లింకు నొక్కి కొద్ది రూపాయలు కట్టండి" అని తపాలాశాఖ పేరుతో మెసేజ్ వస్తే అమ్మీ మనసు కొడుకు మీదికే పోతుంది. మోసగాడికి కావలసింది ఆ తొందరపాటే. వాడి కన్ను ఆ కొద్ది రూపాయల మీద లేదు, కార్డు నెంబరు మీద, ఓటీపీ మీద ఉంది. ఇటువంటి మెసేజ్ నకిలీదని 2024లోనే కేంద్ర ప్రభుత్వ పిఐబి ఫ్యాక్ట్ చెక్ విభాగం ప్రకటించింది. పార్శిల్ నిజమా కాదా అన్నది కొడుకునే అడగండి, లేదా పోస్టాఫీసుకు వెళ్ళి కనుక్కోండి.

మరికొందరు పార్శిల్‌లో మత్తుమందులు దొరికాయని వీడియో కాల్‌లో 'డిజిటల్ అరెస్టు' చేస్తారు. అటువంటి అరెస్టు మన చట్టంలోనే లేదు.

ఇంకొక మాట. డబ్బు మన ఖాతాలోకి రావడానికి యూపీఐ పిన్ అక్కరలేదు. అడిగాడంటే తీసుకుపోవడానికే.

డబ్బు పోయినవారు ఇరుగుపొరుగు నవ్వుతారని దాచుకుంటున్నారు. మోసపోవడం పాపం కాదు సోదరులారా! వెంటనే 1930కు ఫోను చేయండి, బ్యాంకుకు తెలపండి. ఆలస్యమైతే సొమ్ము ఖాతా నుండి ఖాతాకు మారిపోతుంది.