ముసలి ట్రాక్టరుకు పథ్యము: గేరుబాక్సు నూనె, ఫిల్టరు మార్చుట



2024వ సంవత్సరము ఆగస్టు 10వ తేది రాత్రి తుంగభద్ర ఆనకట్టకు గల 33 గేట్లలో 19వ గేటు గొలుసు తెగి, ఆ గేటు ప్రవాహములో కొట్టుకొనిపోయెను. అప్పటికి జలాశయము నిండియుండెను. సింధనూరు, మాన్వి, రాయచూరు ప్రాంతములలో ఎడమకాలువను నమ్ముకొన్న రైతులకు ఆ వారము నిద్ర లేదు. ఇంజనీర్లు ఉక్కుపలకలు దించి, వారము దినములలో నీటిని నిలిపిరి. ఆనకట్ట అంతయు చెక్కుచెదరక నిలిచియే యుండెను. తెగినది ఒక్క గొలుసు. పెద్ద యంత్రమైనను చిన్న భాగము మీదనే ఆధారపడియుండునని ఆ రాత్రి మనకందరకును తెలిసివచ్చినది.

మన ఇండ్లలోను అట్టి యంత్రమొకటి కలదు. అది ట్రాక్టరు. కాలువ వచ్చిన తొలినాళ్లలో గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల నుండి వచ్చి మీ తాతలు ఇచ్చట క్యాంపులు కట్టుకొనిరి. నాడు ఎడ్లు చేసిన పనిని నేడు ట్రాక్టరు చేయుచున్నది. దాని గేరుబాక్సు నూనెను గూర్చి ఈ పాఠము.

తెలుగు మాస్టారికి నూనెతో పనియేమని మీరు నవ్వవచ్చును. పని కలదు. నువ్వుల నెయ్యియే ‘నూనె’ అయినది. కన్నడమున నువ్వులను ‘ఎళ్ళు’ అందురు. ఆ ఎళ్ళ నెయ్యియే ‘ఎణ్ణె’ అయినది. పొరుగు భాషలు రెండును ఒకే వస్తువును చూచి, ఒకే రీతిగా పేరు పెట్టుకొన్నవి. గానుగలో పుట్టిన ఆ మాటయే ఇప్పుడు గేరుబాక్సులోనికిని వచ్చినది. కావున మేమును దాని వెంట వచ్చితిమి.

ఒక ఇంటి కథ

నాట్ల వేళ పదవ తరగతి బాలుడొకడు నాలుగు దినములు బడికి రాలేదు. మేము వారి క్యాంపునకు పోతిమి. చేనిగట్టున ట్రాక్టరు నిలిచియుండెను. లిఫ్టు రోటవేటరును ఎత్తుట లేదు. గేరు వేసినచో లోపల మూలుగువంటి ధ్వని పుట్టుచుండెను. గంటల మీటరు ఎనిమిది వేలు దాటియుండెను. మెకానిక్కు అడుగు బోల్టు విప్పగా వచ్చినది నూనెవలె లేదు. పాలు పోసిన తేనీరువలె ఉండెను.

బాలుని తండ్రిగారు మాతో, “ఇంజను ఆయిలు ఎప్పుడూ తప్పలేదండి మాస్టారూ. గేరుబాక్సు ఆయిలు కాలిపోయేది కాదు గదా అని ఊరుకున్నాం” అనిరి.

మెకానిక్కు తల యెత్తకయే, “కాలదండి. నీళ్లు తాగుతుంది” అనెను.

రెండు బేరింగులు చెడిపోయినవి. బండి బాగుపడునప్పటికి కాలువనీటి వంతు దాటిపోయెను. బాలుడు తండ్రితో కూడ అద్దెబండి కొరకు తిరిగెను. వానికి నాలుగు దినముల గణితపాఠము పోయెను. ఆ ఇంటికి కలిగిన నష్టములో నూనె వెల మిక్కిలి చిన్నది.

ఒకే నూనె, నాలుగు పనులు

ఇంజను నూనె వేరు. గేరుబాక్సు నూనె వేరు. అనేక ట్రాక్టర్లలో గేరుబాక్సు మొదలు వెనుక ఇరుసు వరకు నూనె ఒక్కటియే. అది తరచుగా ముప్పది లీటర్లకు మించియుండును. అది చేయు పనులు నాలుగు. పండ్లచక్రముల నడుమ పలుచని పొరగా నిలిచి ఒరిపిడిని తగ్గించును. పుట్టిన వేడిని మోసికొనిపోవును. పంపు త్రోయగా లిఫ్టును ఎత్తును. నూనెలో మునిగియుండు బ్రేకులు గల బండ్లలో ఆ బ్రేకు పలకలకు తగిన పట్టునిచ్చును.

ఇందులో చిత్రమును గమనింపుడు. పండ్లచక్రములకు జారుట కావలెను. బ్రేకులకు పట్టు కావలెను. రెండును ఒకే నూనె ఇయ్యవలెను. అందువలననే బండి చేతిపుస్తకములో వ్రాసిన రకమునే పోయవలెను. అంగడిలో ‘నైంటీ ఆయిలు’ అని అమ్ము మామూలు గేరునూనెను ఇట్టి బండిలో పోసినచో బ్రేకులు కీచుమనవచ్చును; పట్టు తప్పవచ్చును.

ఈ నూనె ఇంజను నూనెవలె మసిబారదు. కాని వేడికి ముదురును. దానిలో కలిపిన రసాయనములు క్రమముగా ఖర్చగును. అరిగిన ఉక్కుపొడి దానిలో చేరును. ఆ మలినమును పట్టుటకే ఫిల్టరు కలదు. ఫిల్టరు పూడుకొన్నప్పుడు పంపునకు నూనె చాలదు; పంపు ఈలవేయును, లిఫ్టు నెమ్మదించును.

నీరు ఎట్లు చేరును?

దమ్ము చేయునప్పుడు వెనుక ఇరుసు బురదనీటికి చేరువగా తిరుగును. అరిగిన సీళ్ల గుండ నీరు లోనికి పోవును. మరియొక మార్గము కలదు. అది మీ విజ్ఞానశాస్త్ర పుస్తకములోనిదే. పని వేడికి పెట్టెలోని గాలి వ్యాకోచించి, ఊపిరి రంధ్రము గుండ వెలికి పోవును. బండి చల్లని నీటిలో దిగగానే లోని గాలి సంకోచించి, బయటి దానిని లోనికి పీల్చును. ఆ రంధ్రమున బురద కూరుకొనిపోయినచో సీళ్ల నుండి నీటినే పీల్చును. సాయంకాలము పైపుతో బండి కడుగువారు గేరుకడ్డీ మొదట, సీళ్ల మీద నీటిధార కొట్టుటయు ఇట్టి కీడునే చేయును.

నీరు చేరినచో నూనెపొర తెగును, ఉక్కు ఉక్కును తాకును, తుప్పు పట్టును. దమ్ము ముగిసిన ప్రతిసారియు డిప్‌స్టిక్కు తీసి రంగు చూడవలెను. అనుమానము కలిగినచో పెద్దల సమక్షమున, వంటకు పనికిరాని ఇనుపరేకును వేడిచేసి, దానిపై ఒక్క బొట్టు వేసి దూరముగా నిలువవలెను. చిటపటలాడినచో నీరు కలదు.

మార్చు విధము

ఎన్ని గంటలకు మార్చవలెనో చేతిపుస్తకము చెప్పును. అనేక ట్రాక్టర్లకు వేయి గంటలు లెక్క. దమ్ములో దిగు బండికి ఆ గడువు చాలదు. నూనె రంగు చెడినచో గంటలు నిండువరకు ఆగరాదు. ఇది పెద్దల పని. మీరు చూచి నేర్చుకొనుడు.

1. బండిని కొంతసేపు నడిపి నూనెను గోరువెచ్చగా చేయవలెను. అప్పుడది సులభముగా దిగును. మలినమును తనతో తెచ్చును.

2. చదునైన నేలపై నిలిపి, లిఫ్టును పూర్తిగా దింపి, ఇంజను ఆపి, తాళము తీయవలెను. చక్రములకు చెక్కలు అడ్డము పెట్టవలెను. ఎత్తిన పనిముట్టు క్రిందికి ఎవరును పోరాదు.

3. నూనె పోయు మూత చుట్టును తుడిచి మూత తెరువవలెను. తగినంత పెద్ద పాత్ర పెట్టి, అడుగు బోల్టులన్నింటిని విప్పవలెను. కొన్ని బండ్లకు ఒకటి కంటె ఎక్కువ బోల్టులుండును.

4. బోల్టునకు అయస్కాంతమున్నచో దానిని పరీక్షింపవలెను. బూడిదరంగు మెత్తని పేస్టు సహజమైన అరుగుదల. గోటిముక్కలవంటి ఉక్కుతునకలున్నచో పండ్లచక్రము గాని బేరింగు గాని విరుగుచున్నదని తెలియవలెను. అప్పుడు కొత్త నూనె పోసి ఊరుకొనరాదు, మెకానిక్కును పిలువవలెను.

5. తీగజల్లెడ ఉన్నచో డీజిలుతో కడిగి ఆరబెట్టవలెను. కాగితపు ఫిల్టరును కడుగరాదు, కొత్తది వేయవలెను. రబ్బరు వలయములను, బోల్టు వాషర్లను కొత్తవి వేయుట మేలు.

6. నూనెను డిప్‌స్టిక్కు గుర్తు వరకు పోసి, బండిని నడిపి, లిఫ్టును పలుమారులు ఎత్తి దింపి, మరల కొలువవలెను. కారుచున్నదేమో చూడవలెను.

నూనె తేనీటిరంగున ఉన్నచో ఒక్క మార్పు చాలదు. పెట్టె మూలలలో, ఇరుసు గొట్టములలో నీరు మిగులును. కొంతసేపు నడిపి రెండవసారి మార్చవలెను. నీరు వచ్చిన సీలును కూడ మార్చవలెను. సీలు మార్చక నూనె మాత్రమే మార్చుట చిల్లికుండలో నీరు పోయుట.

“పాత బండికి నూనె మార్చరాదు” అను మాట

గేరు మనము మార్చనక్కరలేని ఆటోమేటిక్ కార్లు, పాతవి, మన ప్రాంతపు ఇండ్లకును వచ్చుచున్నవి. వాటిని గూర్చి ఈ మాట మిక్కిలిగా వినబడును. ఇది సగము నిజము.

మొదట కారు ఏ రకమో తెలిసికొనవలెను. 2014లో మారుతి సెలేరియోతో మన దేశమున వ్యాప్తిలోనికి వచ్చిన ఏఎంటీ అనునది మామూలు గేరుబాక్సే. క్లచ్చును, గేరును మనకు మారుగా యంత్రము మార్చును. దానికి మామూలు గేరునూనెయే. అసలైన ఆటోమేటిక్ వేరు. 1940 నమూనా ఓల్డ్స్‌మొబైల్ కారులో వచ్చిన ‘హైడ్రామాటిక్’ అట్టి వానిలో ప్రసిద్ధమైనది. అందు నూనెయే బలమును ఇంజను నుండి చక్రముల వైపునకు చేర్చును. నూనె ఒత్తిడియే గేర్లు మార్చును. క్లచ్చు పలకలు నూనెలోనే పట్టుకొనును. ఈ నూనెలో 1970 దశకము వరకు తిమింగిలపు నూనెను కూడ కలిపెడివారు. సాధారణముగా ఇది ఎర్రగా ఉండును. ముదిరినప్పుడు గోధుమరంగునకు మారును. క్లచ్చు పలకలు కాలినచో మాడువాసన వచ్చును.

ఏండ్ల తరబడి మార్చని కారులో క్లచ్చు పలకలు అప్పటికే అరిగి, గేరు జారుచుండును. అప్పుడు యజమాని మేల్కొని నూనె మార్పించును. తరువాత కొలది దినములకు కారు నిలిచిపోవును. నింద కొత్త నూనెకు వచ్చును. చంపినది కొత్త నూనె కాదు, పాత నిర్లక్ష్యము. గేరు జారుచున్న కారునకు ముందు పరీక్ష కావలెను. జారక నడుచుచున్నచో, ఎంత దూరము తిరిగినదైనను, నూనెను మెల్లగా దింపి, ఫిల్టరు మార్చి, దిగినంత పోయవచ్చును. ఒక్కసారికి దాదాపు సగమో, అంతకు తక్కువయో మాత్రమే దిగును. కొంతకాలము నడిపి మరల చేయవలెను. ముసలి కారు పెట్టెను యంత్రపు ఒత్తిడితో కడుగకుండుట క్షేమము.

ట్రాక్టరుకైనను కారుకైనను నీతి యొక్కటే. నూనె మార్చుట ఔషధము కాదు, పథ్యము. ఆరోగ్యమున్నప్పుడు చేసిన పథ్యము ఆయువును పెంచును. రోగము ముదిరిన పిమ్మట పథ్యమును నిందించి ప్రయోజనము లేదు.

పాత నూనె

దిగిన నూనెను కాలువలో గాని చేనిగట్టున గాని పోయరాదు. ఆ కాలువనీరే దిగువ గ్రామముల పశువులు త్రాగును. నీటిపై తెట్టు కట్టిన నూనె గాలిని లోనికి పోనీయదు. వాడిన నూనెను ప్రమాదకర వ్యర్థముగా 2016 నాటి కేంద్రప్రభుత్వ నియమములు పరిగణించినవి. మూతగల డబ్బాలో నింపి, అనుమతి గల సేకరణదారునకు చేరునట్లు వర్కుషాపులో అప్పగింపవలెను. చేతులకు అంటినదానిని సబ్బుతో కడుగవలెను.

చివరిమాట

తల్లిదండ్రులకు మా మనవి యొకటి. బండికి ఒక నోటుపుస్తకము పెట్టుడు. నూనె మార్చిన తేది, గంటల మీటరు అంకె, పోసిన లీటర్లు, నూనె రకము, ఫిల్టరు మార్చినది లేనిది మీ బిడ్డచేత వ్రాయింపుడు. తెలుగున వ్రాసినను కన్నడమున వ్రాసినను సరియే. అక్షరము వచ్చిన బిడ్డ ఇంటనుండగా యంత్రమునకు జాతకము లేకుండరాదు. పైని చెప్పిన బాలుడు ఇప్పుడట్టి పుస్తకము వ్రాయుచున్నాడు. మొదటి పుటలో వాడు వ్రాసినది ఇది: “దమ్ము అయినాక చూడవలెను.”

అభ్యాసము

1. గేరుబాక్సు నూనె చేయు నాలుగు పనులను వ్రాయుము.
2. వేడెక్కిన గేరుబాక్సు నీటిలో దిగినప్పుడు నీటిని ఏల పీల్చును?
3. అయస్కాంతపు బోల్టుపై పేస్టు ఉండుటకును, తునకలు ఉండుటకును భేదమేమి?
4. మీ ఇంటి బండి గంటల మీటరు చూచి, నూనె కడపటిసారి ఎప్పుడు మార్చిరో మీ తండ్రిగారిని గాని మామగారిని గాని అడిగి వ్రాసికొని రమ్ము.